లోహశోధినులలో ఏకకాల బహుపౌనఃపున్య విధానం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భూమిలో దాగిన లోహాన్ని తవ్వకుండానే గుర్తించే యంత్రం లోహశోధిని. వ్యవహారంలో దీనికి మెటల్ డిటెక్టర్ అన్న పేరే స్థిరపడింది. 19వ శతాబ్దిలో ప్రయోగశాల పరికరంగా పుట్టిన ఈ యంత్రం వైద్యం, ఖనిజాన్వేషణ, యుద్ధం, పురావస్తుశాస్త్రం మొదలైన రంగాల మీదుగా నేటి రూపం సంతరించుకుంది. 1990ల నుండి వాడుకలోకి వచ్చిన ఏకకాల బహుపౌనఃపున్య విధానం ఈ పరిణామంలో ఒక ముఖ్యమైన మలుపు. ఆ విధానం ఏ అవసరం వల్ల పుట్టిందో, దాని సూత్రమేమిటో, దాని హద్దులెక్కడున్నాయో చారిత్రక క్రమంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. యంత్రం దేన్ని అనవసరమని తోసిపుచ్చుతున్నదో తెలుసుకోకుండా అది చూపిన ఫలితాన్ని చరిత్రకు ఆధారంగా స్వీకరించలేమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లోహశోధిని, విద్యుదయస్కాంత ప్రేరణ, పౌనఃపున్యం, సుడి ప్రవాహాలు, నేల సంకేతం, గుప్తనిధులు, పురావస్తుశాస్త్రం.

1. ఉపోద్ఘాతం:
విమానాశ్రయాల్లో, దేవాలయాల క్యూలైన్లలో, బహిరంగసభల ప్రాంగణాల్లో లోహశోధిని నిత్యం కనిపించే వస్తువు. అయితే ద్వారబంధంగా నిలిపిన యంత్రం ఎదుర్కొనే సమస్య వేరు, నేల మీద ఆడించే యంత్రం ఎదుర్కొనే సమస్య వేరు. ద్వారం దగ్గర యంత్రానికీ, శోధించవలసిన వస్తువుకూ మధ్య ప్రధానంగా ఉండేది గాలి. గాలి యంత్రానికి ఏ సంకేతమూ ఇవ్వదు. నేల మీద ఆ స్థానంలో మట్టి ఉంటుంది. మట్టిలో ఇనుప ఆక్సైడులు, లవణాలు, తేమ ఉంటాయి. ఇవన్నీ యంత్రానికి తమ సంకేతాన్ని ఇస్తూనే ఉంటాయి. అనేక సందర్భాల్లో ఆ సంకేతం, వెదుకుతున్న నాణెం ఇచ్చే సంకేతం కన్నా ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది.

లోహాన్ని పసిగట్టడం 1880 ప్రాంతానికే సాధ్యమైంది. ఆ తరువాత జరిగిన కృషిలో అధికభాగం మట్టి నుండి లోహాన్ని, ఒక లోహం నుండి మరొక లోహాన్ని వేరుచేసి చెప్పడానికే వినియోగమైంది. ఏకకాల బహుపౌనఃపున్య విధానాన్ని ఈ సుదీర్ఘ ప్రయత్నంలో భాగంగా చూసినప్పుడే దాని ప్రాధాన్యం బోధపడుతుంది.

2. ప్రేరణ తులనం – తొలి ప్రయోగాలు:
1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. మారుతున్న అయస్కాంత క్షేత్రం తన పరిధిలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుంది. లోహపు ముక్కలో ఇలా పుట్టిన విద్యుత్తు నీటిసుడుల వలె వలయాలుగా తిరుగుతుంది. ఈ సుడి ప్రవాహాలు తిరిగి మరొక అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తాయి. లోహశోధిని పసిగట్టేది ఈ రెండవ క్షేత్రాన్నే. ఒక తీగచుట్ట క్షేత్రాన్ని పంపుతుంది, మరొకటి బదులును గ్రహిస్తుంది. ఇన్నేళ్లలో యంత్రం ఎంత మారినా ఈ మూలసూత్రం మారలేదు.

బదులు క్షేత్రం మూలక్షేత్రం కన్నా చాలా బలహీనమైనది. కనుక మూలక్షేత్రం ప్రభావాన్ని గ్రహణచుట్టలో ముందుగా రద్దు చేయాలి. ఇందుకోసం రూపొందినదే ప్రేరణ తులనం. 1841లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిచ్ డోవ్ ఇటువంటి అమరికను చేశాడు. 1879లో లండన్‌లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ టెలిఫోన్ గ్రాహకాన్ని జతచేసి దాన్ని మరింత సున్నితం చేశాడు. తులనంలో ఉన్న తీగచుట్టల దగ్గరకు లోహం తెస్తే సమతూకం చెడి శబ్దం వినిపిస్తుంది. అసలు నాణేనికీ నకిలీ నాణేనికీ ఉన్న తేడాను కూడా ఈ పరికరం చెప్పగలిగింది. లోహాల మధ్య వివేచన చేయాలన్న కోరిక ఈ విధంగా యంత్రంతోపాటే పుట్టింది.

1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలో నిలిచిపోయిన తూటా జాడ తెలుసుకునేందుకు అలెగ్జాండర్ గ్రాహంబెల్ ప్రేరణ తులనాన్ని ఉపయోగించాడు. జూలై 26న, ఆగస్టు 1న చేసిన రెండు ప్రయత్నాలూ ఫలించలేదు. రెండవ ప్రయత్నంలో యంత్రం ఒకచోట అని కాక విశాలమైన ప్రదేశమంతటా మోగింది. అధ్యక్షుడి పరుపు కింద ఉక్కుతీగలతో చేసిన మరొక పరుపు ఉన్నట్లు బెల్ ఆ తరువాత తెలుసుకున్నాడు. తూటా కుడివైపున ఉందని ప్రధాన వైద్యుడు విల్లార్డ్ బ్లిస్ గట్టిగా నమ్మినందువల్ల శోధన ఆ వైపుకే పరిమితమైంది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించిన తరువాత జరిపిన శవపరీక్షలో తూటా ఎడమవైపున బయటపడింది.

ఈ సంఘటనను బెల్ వైఫల్యంగా చెప్పడం పరిపాటి. నిజానికి యంత్రం తన పని తాను చేసింది. లోహం ఉన్నదని చెప్పింది. ఆ లోహం తూటాయా, పరుపు తీగయా అన్నది మాత్రం చెప్పలేకపోయింది. పరిసరాల సంకేతం, వస్తువు సంకేతం ఒకదానిలో ఒకటి కలిసిపోవడమనే ఈ చిక్కు ఆనాటి నుండి నేటివరకు లోహశోధిని చరిత్రను నడిపిస్తూనే ఉంది.

3. గనుల నుండి యుద్ధరంగానికి:
జర్మనీ నుండి అమెరికాకు వలసవెళ్లిన గెర్‌హార్డ్ ఫిషర్ విమానాలకు రేడియో దిశానిర్దేశక పరికరాలపై పనిచేశాడు. లోహ నిర్మాణాలు, ఖనిజ నిక్షేపాలు ఉన్నచోట ఆ పరికరాలు దిశను తప్పుగా చూపడం గమనించాడు. ఒక యంత్రానికి దోషమైనది మరొక యంత్రానికి ఆధారం కాగలదని గ్రహించి నేలలోని లోహాన్ని గుర్తించే పరికరాన్ని రూపొందించాడు. దానికి 1937లో పేటెంటు లభించింది. 1931లో కాలిఫోర్నియాలో ఆయన నెలకొల్పిన సంస్థ నుండి ఈ పరికరాలు గని పనివారికి, భూమిలో గొట్టాలు వెదికేవారికి చేరాయి.

రెండవ ప్రపంచయుద్ధం ఈ యంత్రానికి ప్రాణాంతకమైన పరీక్ష పెట్టింది. స్కాట్లాండ్‌లో ఉన్న పోలిష్ సేనకు చెందిన యూజెఫ్ కొసాత్స్‌కీ సైనికుడు చేతపట్టి నడిచేందుకు వీలైన మందుపాతర శోధినిని రూపొందించాడు. పేటెంటు తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి అందజేశాడు. 1942 అక్టోబరులో మొదలైన రెండవ ఎల్ అలమైన్ యుద్ధంలో సుమారు 500 శోధినులను ఉపయోగించారు. మైన్లు పాతిన నేలలో దారి చేసే వేగం వీటివల్ల గంటకు 100 మీటర్ల నుండి 200 మీటర్లకు పెరిగినట్లు యుద్ధచరిత్రలు పేర్కొంటాయి.

ఈ చరిత్రలో దక్షిణ భారతానికీ భాగముంది. తెలుగు, తమిళ ప్రాంతాల సైనికులు పనిచేసిన మద్రాస్ శాపర్స్ దళం ఇటలీలో మైన్లు తొలగించే పనిలో పాల్గొన్నది. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో వద్ద సహచరుడొకరు మైనుపై అడుగు వేయగా సుబేదార్ సుబ్రమణ్యన్ దానిపై పడి, తన ప్రాణమిచ్చి తోటివారిని కాపాడాడు. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ పురస్కారం లభించింది. శోధిని ముందు నడిచినంత మాత్రాన వెనుక వచ్చేవారికి అభయం లభించదని ఈ ఘటన గుర్తుచేస్తుంది. యంత్రం పలకనిచోట లోహం లేదని అనుకోవడం ఎంత ప్రమాదమో, ప్రతి మేకుకూ పలికే యంత్రంతో పనిచేయడం అంత కష్టం.

4. ఏక పౌనఃపున్యం – దశాభేదం – దాని హద్దు:
యుద్ధానంతరం ట్రాన్సిస్టర్ల రాకతో యంత్రం తేలికైంది. 1970లలో ఏక పౌనఃపున్య ప్రేరణ తులన యంత్రాలు లోహ వివేచనలో ముందడుగు వేశాయి. ఆ వివేచనకు ఆధారం దశాభేదం.

యంత్రం సెకనుకు కొన్నివేలసార్లు దిశ మార్చుకునే క్షేత్రాన్ని పంపుతుంది. సెకనుకు పూర్తయ్యే ఆవృత్తుల సంఖ్యే పౌనఃపున్యం. నేలలోని వస్తువు ఇచ్చే బదులులో రెండు అంశాలుంటాయి. పంపిన క్షేత్రంతో సమంగా, అనుకూలంగానో ప్రతికూలంగానో, నడిచేది మొదటిది. దీన్ని సమదశాంశం అనవచ్చు. పావు ఆవృత్తి తేడాతో నడిచేది రెండవది. దీన్ని లంబదశాంశం అనవచ్చు. ఈ రెండింటి నిష్పత్తి వస్తువును బట్టి మారుతుంది. ఆ నిష్పత్తిని కొలిచి ఇది ఇనుపమేకు, ఇది వెండినాణెం అని యంత్రం అంచనా వేస్తుంది.

నిష్పత్తిని నిర్ణయించేది లోహం పేరు కాదు, వస్తువు కాలస్థిరాంకం. పంపిన క్షేత్రం ఆగిన తరువాత వస్తువులోని సుడి ప్రవాహాలు ఎంతసేపటికి అణగిపోతాయో చెప్పే కొలత ఇది. వస్తువు పరిమాణం, మందం, వాహకత కలిసి దీన్ని నిర్ణయిస్తాయి. బంగారం మంచి వాహకమే అయినా సన్నని బంగారు రేకు కాలస్థిరాంకం అతి తక్కువ. పెద్ద వెండినాణేనిది ఎక్కువ. అందువల్ల చిన్న బంగారు తునకను యంత్రం తరచు అల్యూమినియం రేకుతో సమానంగా లెక్కిస్తుంది.

ఒక సరళమైన లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 5 కిలోహెర్ట్జ్ వద్ద, కాలస్థిరాంకం 10 మైక్రోసెకన్లున్న వస్తువు లంబదశాంశం 0.286. కాలస్థిరాంకం 100 మైక్రోసెకన్లున్న వస్తువు లంబదశాంశం 0.289. అంటే ఈ అంశం ఒక్కటే చూస్తే రెండు వస్తువులూ ఒకటే. సమదశాంశం మాత్రం మొదటిదానికి 0.09, రెండవదానికి 0.91. కనుక రెండింటినీ వేరుచేసే సాక్ష్యమంతా సమదశాంశంలోనే ఉంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. మాగ్నటైట్, మాగ్‌హెమైట్ వంటి ఇనుప ఆక్సైడులున్న మట్టి ప్రధానంగా సమదశాంశంలోనే బదులిస్తుంది. నమ్మదగిన సాక్షి ఏ అంశంలో ఉన్నదో అదే అంశాన్ని మట్టి ముంచెత్తుతుంది. మట్టి సంకేతాన్ని తీసివేస్తే దానితోపాటు సాక్ష్యంలో కొంత పోతుంది. ఉంచితే వస్తువు కనబడదు. శుష్కమైన ఇసుకనేలలో చక్కగా పనిచేసిన యంత్రం ఎర్రనేలలో తడబడడానికి కారణమిదే.

సముద్రతీరంలో మరొక ఇబ్బంది. ఉప్పునీరు వాహకం. అది లంబదశాంశంలో బదులిస్తుంది. ఒక పౌనఃపున్యం నుండి లభించే కొలతలు రెండే. మట్టి ఎంత, ఉప్పు ఎంత అన్న రెండు తెలియని రాశులను తొలగించడానికి ఆ రెండు కొలతలూ చెల్లిపోతాయి. వస్తువు గురించి చెప్పడానికి ఏమీ మిగలదు. నల్లని ఖనిజ ఇసుక, ఉప్పునీరు కలిసే తీరాల్లో ఏక పౌనఃపున్య యంత్రం విఫలం కావడం తయారీ లోపం కాదు. రెండు సమీకరణాలతో నాలుగు తెలియని రాశులను సాధించబోవడం వంటిది. ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి భారఖనిజాలున్న భీమునిపట్నం, శ్రీకాకుళం తీరపు ఇసుకలు ఇటువంటి నేలకు ఉదాహరణ.

5. బహుపౌనఃపున్య సూత్రం:
సమీకరణాలు చాలనప్పుడు కొలతలను పెంచాలి. ఒకే తీగచుట్ట నుండి ఒకే సమయంలో రెండు పౌనఃపున్యాలు పంపి, బదులును వేరువేరుగా విశ్లేషిస్తే రెండు కొలతలు నాలుగవుతాయి. అయితే సంఖ్య పెరిగితే చాలదు. పౌనఃపున్యం మారినప్పుడు మట్టి, ఉప్పు, లోహం మూడూ మూడు రకాలుగా మారాలి. ప్రకృతి ఈ సౌకర్యాన్ని కల్పించింది.

పంపిన క్షేత్రానికి నిష్పత్తిగా లెక్కించినప్పుడు ఇనుప ఆక్సైడుల మట్టి బదులు పౌనఃపున్యంతో పెద్దగా మారదు. ఉప్పునీటి బదులు పౌనఃపున్యంతోపాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. లోహవస్తువు బదులు తన కాలస్థిరాంకాన్ని బట్టి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 5, 15 కిలోహెర్ట్జ్‌లను తీసుకుంటే ఉప్పునీటి లంబదశాంశం సరిగ్గా మూడురెట్లవుతుంది. కాలస్థిరాంకం 10 మైక్రోసెకన్లున్న వస్తువుది 0.286 నుండి 0.499కి, అంటే సుమారు 1.75 రెట్లకు పెరుగుతుంది. 100 మైక్రోసెకన్లున్న వస్తువుది 0.289 నుండి 0.105కి, అంటే మూడోవంతు దగ్గరకు తగ్గుతుంది. ఒక పౌనఃపున్యంలో కవలల్లా కనిపించిన రెండు వస్తువులు రెండవ పౌనఃపున్యం తోడైనప్పుడు పూర్తిగా విడిపోయాయి. పైగా ఈ తేడా మట్టి ముంచెత్తని లంబదశాంశంలోనే దొరికింది.

ఉప్పునీటిని తొలగించే మార్గం కూడా ఇందులోనే ఉంది. 15 కిలోహెర్ట్జ్ కొలత నుండి 5 కిలోహెర్ట్జ్ కొలతకు మూడురెట్లు తీసివేస్తే ఉప్పునీటి సంకేతం సున్నా అవుతుంది. లోహాలది మిగులుతుంది. అదేవిధంగా రెండు పౌనఃపున్యాల సమదశాంశాలను ఒకదాని నుండి మరొకటి తీసివేస్తే మారని మట్టి సంకేతం దాదాపు పోతుంది. నాలుగు కొలతల్లో రెండు మట్టికి, ఉప్పుకు చెల్లినా ఇంకా రెండు వస్తువు గురించి చెప్పడానికి మిగులుతాయి.

సాహిత్య పరిశోధకులకు ఈ పద్ధతి పరిచితమైనదే. ఒకే తాళపత్ర ప్రతి లభించినప్పుడు అందులోని వింతపాఠం కవిదో, లేఖకుడి పొరపాటో తేల్చడం కష్టం. వేరువేరు చోట్ల వ్రాసిన ప్రతులు దొరికితే సరిపోల్చి నిర్ణయించవచ్చు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి ప్రతులను సేకరింపజేసి, సరిపోల్చి పాఠాలను పరిష్కరింపజేసింది ఈ కారణంగానే. ఈ పోలిక మరొక అంశాన్ని కూడా వివరిస్తుంది. ఒకే మాతృక నుండి ఎత్తివ్రాసిన పది ప్రతులున్నా కొత్త సాక్ష్యం లభించదు. పౌనఃపున్యాలూ అంతే. 14, 15, 16 కిలోహెర్ట్జ్‌లు మూడూ దాదాపు ఒకే మాట చెబుతాయి. 5, 15, 40 వంటివి దూరదూరంగా ఉంటేనే ఒక్కొక్కటి స్వతంత్రమైన సాక్షి అవుతుంది.

'ఏకకాలం' అన్న విశేషణానికి కూడా ప్రయోజనముంది. మీట నొక్కి పౌనఃపున్యాన్ని మార్చుకునే యంత్రాలు వేరే ఉన్నాయి. వాటిలో ఒకసారికి ఒక పౌనఃపున్యమే పనిచేస్తుంది. చుట్టను నేల మీద ఆడిస్తున్నప్పుడు వస్తువుకూ చుట్టకూ మధ్య దూరం క్షణక్షణం మారుతుంది. ఒక పౌనఃపున్యంతో ఒకసారి, మరొకదానితో ఇంకొకసారి కొలిస్తే తేడా వస్తువు వల్ల వచ్చిందో, దూరం మారినందువల్ల వచ్చిందో తెలియదు. కొలతలన్నీ ఒకే స్థానంలో, ఒకే క్షణంలో జరిగితేనే తీసివేత చెల్లుతుంది.

ఒకే చుట్ట నుండి ఒకేసారి అనేక పౌనఃపున్యాలను పంపడానికి ఆధారం ఫూరియే గణితం. నిటారుగా లేచి పడే చతురస్ర తరంగంలో మూల పౌనఃపున్యంతోపాటు దానికి మూడు, ఐదు, ఏడు రెట్ల పౌనఃపున్యాలు ఇమిడి ఉంటాయి. 5 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగంలో 15 కిలోహెర్ట్జ్ అంశం మూడోవంతు బలంతో ఉండనే ఉంటుంది. గ్రహణభాగం వాటిని విడదీసుకుంటే సరిపోతుంది. తరంగాన్ని తగిన విధంగా మలిస్తే కావలసిన పౌనఃపున్యాలకు కావలసిన బలాన్ని పంచవచ్చు.

6. యంత్రాల పరిణామం:
సూత్రం సరళమైనదే అయినా చేతపట్టే యంత్రంలో దాన్ని అమలుచేయడానికి తగిన ఎలక్ట్రానిక్ వలయాలు అందుబాటులోకి రావాలి. 1990ల ఆరంభంలో రెండు వేర్వేరు మార్గాలు కనిపిస్తాయి. ఫిషర్ సంస్థ నుండి వచ్చిన సీజెడ్-6 యంత్రం 5, 15 కిలోహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాలతో పనిచేసింది. 1985లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఏర్పడిన మైన్‌ల్యాబ్ సంస్థ 1991లో సావరిన్ యంత్రాన్ని విడుదల చేసింది. 1.5 నుండి 25.5 కిలోహెర్ట్జ్ వరకు 17 పౌనఃపున్యాలను ఇది పంపుతుందని సంస్థ ప్రకటించింది. ఈ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భౌతికశాస్త్రజ్ఞుడు బ్రూస్ క్యాండీ.

ఈ పరిశోధన ఆస్ట్రేలియాలో వేళ్లూనుకోవడం యాదృచ్ఛికం కాదు. విక్టోరియా, పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు క్షేత్రాల నేలల్లో ఇనుప ఆక్సైడులు అధికం. 1980లో విక్టోరియాలోని కింగోవర్ వద్ద 27 కిలోలకు పైబడిన 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' బంగారు ముద్ద లోహశోధిని ద్వారానే బయటపడింది. ఆ తరువాత అన్వేషకుల ఉత్సాహం పెరిగిందే కాని మామూలు యంత్రాలకు ఆ నేల లొంగలేదు. కష్టమైన నేల ఉన్నచోటే దాన్ని జయించే విద్య పెరిగింది.

1990లు ముగిసేనాటికి అదే సంస్థ 1.5 నుండి 100 కిలోహెర్ట్జ్ వరకు 28 పౌనఃపున్యాల యంత్రాన్ని తెచ్చింది. అమెరికాకు చెందిన వైట్స్ సంస్థ కొంతకాలానికి 2.5, 7.5, 22.5 కిలోహెర్ట్జ్ అనే మూడింటితో పనిచేసే యంత్రాన్ని రూపొందించింది. 2017లో ప్రకటితమై 2018లో విపణిలోకి వచ్చిన ఈక్వినాక్స్ యంత్రంతో ఈ విధానం మధ్యతరగతి అభిరుచికారులకు కూడా అందుబాటు ధరలోకి దిగింది. కొద్ది సంవత్సరాల్లోనే ఫ్రాన్స్, టర్కీ, అమెరికా సంస్థలు తమ తమ బహుపౌనఃపున్య యంత్రాలను విడుదల చేశాయి.

భూభౌతిక పరిశోధనలో ఇదే భావన సమాంతరంగా సాగింది. 1990ల రెండవ భాగంలో ఐ.జె. వాన్, ఆయన సహచరులు అమెరికాలో రూపొందించిన పరికరాలు నేలలో మిగిలిన పేలుడు పదార్థాలను వాటి బహుపౌనఃపున్య బదులు ఆధారంగా గుర్తించే ప్రయత్నం చేశాయి. రసాయనశాస్త్రంలో కాంతి వర్ణపటం మూలకాన్ని పట్టించినట్లే ప్రేరణ వర్ణపటం వస్తువును పట్టిస్తుందన్నది ఈ ప్రయత్నానికి మూలభావన.

7. విధానపు హద్దులు:
బహుపౌనఃపున్య విధానం గురించి ప్రచారసాహిత్యంలో రెండు అపోహలు కనిపిస్తాయి. పౌనఃపున్యాల సంఖ్య ఎంత ఎక్కువైతే యంత్రం అంత గొప్పదన్నది మొదటిది. 17, 28 అన్న అంకెలు ప్రసార తరంగంలో ఉన్న పౌనఃపున్యాలను చెబుతాయి. గ్రహణభాగం వాటిలో ఎన్నింటిని నిజంగా విశ్లేషిస్తున్నదో చెప్పవు. అదీకాక బ్యాటరీ ఇచ్చే శక్తి పరిమితమైనది. దాన్ని ఎక్కువ భాగాలుగా పంచితే ఒక్కొక్క భాగానికి దక్కేది తగ్గుతుంది. ఖనిజాలు, లవణాలు లేని శుభ్రమైన నేలలో సరైన ఏక పౌనఃపున్యం ఇందుచేతనే ఇప్పటికీ పోటీగా నిలుస్తుంది.

రెండవ అపోహ మరింత లోతైనది. ఈ విధానం మట్టినీ ఉప్పునూ తొలగించి లోహాన్ని పదిలంగా ఉంచుతుందన్న నమ్మకం అది. పై లెక్కనే మరొక వస్తువుకు వర్తింపజేస్తే వాస్తవం తెలుస్తుంది. కాలస్థిరాంకం 1 మైక్రోసెకను మాత్రమే ఉన్న సన్నని బంగారు గొలుసు కొలికిని తీసుకుందాం. దాని లంబదశాంశం 5 కిలోహెర్ట్జ్ వద్ద 0.0314, 15 కిలోహెర్ట్జ్ వద్ద 0.0934. అంటే సుమారు 2.98 రెట్లు. ఉప్పునీటిది 3 రెట్లు. మూడురెట్లు తీసివేసే సూత్రాన్ని ప్రయోగిస్తే ఉప్పుతోపాటు ఈ బంగారం సంకేతంలో దాదాపు 99 శాతం మాయమవుతుంది. యంత్రం దృష్టిలో సన్నని బంగారం, సముద్రజలం ఒకే జాతివి. ఇంకా ఎక్కువ పౌనఃపున్యాన్ని చేర్చితే ఈ హద్దు కొంత జరుగుతుంది, పూర్తిగా తొలగిపోదు.

కనుక ప్రతి తొలగింపూ ఒక నిర్ణయం. ఏది వస్తువు, ఏది అడ్డంకి అన్నది రూపకర్త ముందే నిర్ణయించి యంత్రంలో నిక్షిప్తం చేస్తాడు. వాడేవారికి వినిపించేది ఆ నిర్ణయం తరువాత మిగిలిన శబ్దం మాత్రమే. గార్‌ఫీల్డ్ విషయంలో తూటా కుడివైపున ఉందన్న వైద్యుడి నమ్మకం శోధన పరిధిని కుదించింది. నేటి యంత్రంలో అటువంటి నమ్మకం గణితసూత్రం రూపంలో ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు.

8. లోహశోధిని – చరిత్ర రచన:
ఈ విషయం చరిత్ర పరిశోధకులకు ఎందుకు ముఖ్యమో మట్టి అయస్కాంత గుణాన్ని బట్టి తెలుస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇ. లె బోర్న్ 1955లో పైమట్టికి అడుగుమట్టి కన్నా అయస్కాంత గుణం ఎక్కువగా ఉండడాన్ని వివరించాడు. నిప్పు తగిలిన మట్టిలో ఈ గుణం పెరుగుతుంది. పొయ్యిలు, బట్టీలు, కాలిన ఇళ్లు ఉన్నచోట, అంటే మనుషులు నివసించినచోట, మట్టి ఈ ముద్రను దాచుకుంటుంది. పురావస్తు సర్వేక్షణలో మట్టి అయస్కాంతగుణాన్ని కొలవడం ఒక ప్రధాన పద్ధతి అయినది ఇందువల్లనే. లోహశోధిని 'నేల సంకేతం' అని తోసిపుచ్చేది కూడా ఇదే. నిధి వెదికేవాడికి అడ్డంకి అయినది చరిత్రకారుడికి ఆధారం.

అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్విన నవీనశిలాయుగపు బూడిదదిబ్బ ఇందుకు చక్కని నిదర్శనం. పశువుల పేడ పదేపదే తగలబడి ఏర్పడిన బూడిద పొరలు, నేలలో నిలిచిన గిట్టల ముద్రలు అక్కడి పశుపాలకుల జీవితాన్ని తెలిపాయి. దక్కను చరిత్రలో ఒక యుగాన్ని వెలికితెచ్చిన ఆ ఆధారాల్లో ఏదీ లోహశోధినికి పలికేది కాదు. కాలిన మట్టి బహుశా దానికి వదిలించుకోవలసిన రొదగా మాత్రమే తోచేది.

లోహశోధిని వల్ల చరిత్రకు మేలు జరగలేదని కాదు. బ్రిటన్‌లో 1980లో పురావస్తు సంస్థలు అభిరుచికారుల తవ్వకాలకు వ్యతిరేకంగా ఉద్యమించాయి. ఆ తరువాత సయోధ్య కుదిరింది. 1996 నాటి నిధుల చట్టం, 1997లో మొదలైన పురావస్తు నమోదు పథకం దొరికిన వస్తువుతోపాటు దొరికిన స్థలాన్ని కూడా నమోదు చేసే అలవాటును పెంచాయి. ఆ పథకంలో పది లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. 2009లో లోహశోధినికి దొరికిన స్టాఫర్డ్‌షైర్ నిధి ఆంగ్లో-శాక్సన్ యుగంపై అవగాహననే మార్చివేసింది.

భారతదేశంలో పరిస్థితి వేరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం పురావస్తువుల వ్యాపారాన్ని నియంత్రిస్తుంది. చట్టాలున్నా ఉభయ తెలుగు రాష్ట్రాల్లో గుప్తనిధుల పేరిట పాత ఆలయాల్లో, కోటల్లో రహస్యపు తవ్వకాలు ఆగలేదు. ఒకప్పుడు అంజనం వేసి నిధి జాడ చూసిన ఆశే నేడు యంత్రాన్ని చేతపడుతున్నది. నంది విగ్రహం కింద తవ్వి ఏమీ దొరకక వెళ్లిపోయినవారు చెదరగొట్టిన మట్టిపొరల్లో ఏ కాలపు పెంకు ఏ కాలపు బూడిదతో ఉండేదో చెప్పే క్రమం శాశ్వతంగా నశిస్తుంది. యంత్రం ఎంత సున్నితమైనదైతే ఈ నష్టం అంత లోతుకు వెళ్తుంది.

9. ముగింపు:
• 1841లో డోవ్, 1879లో హ్యూస్ రూపొందించిన ప్రేరణ తులనం నుండి నేటి యంత్రాల వరకు లోహశోధిని మూలసూత్రం ఒకటే. మారినది పరిసరాల సంకేతాన్ని తొలగించే పద్ధతి.
• ఏక పౌనఃపున్య యంత్రం నుండి లభించే రెండు కొలతలు మట్టి, ఉప్పు రెండూ ఉన్న నేలలో చాలవు. ఏకకాల బహుపౌనఃపున్య విధానం ఈ గణితపరమైన కొరతను తీర్చింది.
• పౌనఃపున్యాల సంఖ్య కన్నా వాటి మధ్య దూరం, వాటిని ఒకే క్షణంలో కొలవడం, కొలతలను సరిపోల్చే తీరు ప్రధానమైనవి.
• ఉప్పును తొలగించే సూత్రమే సన్నని బంగారాన్ని కూడా తొలగిస్తుంది. ఏ విధానమూ నష్టం లేకుండా వివేచన చేయలేదు.
• యంత్రం రొదగా తోసిపుచ్చే నేల సంకేతంలో మానవ నివాసపు ఆనవాళ్లు ఉంటాయి. కనుక లోహశోధిని మౌనాన్ని చరిత్రలేమికి నిదర్శనంగా తీసుకోరాదు.

తెలుగునేలపై శాసనాలు, నాణేలు, ఆలయాల గురించి పరిశోధించేవారు లోహశోధిని ఫలితాలను ప్రస్తావించవలసి వచ్చినప్పుడు వస్తువు వివరాలతోపాటు యంత్రం ఏ రకానిదో, ఏ పౌనఃపున్యాలతో పనిచేసిందో, ఏ సంకేతాలను వదిలివేసే విధంగా అమర్చారో కూడా నమోదు చేయడం అవసరం. తాళపత్ర ప్రతి నుండి పాఠాన్ని స్వీకరించినప్పుడు ఆ ప్రతి వివరాలు చెప్పడం పరిశోధన నియమం. నేల నుండి సాక్ష్యాన్ని స్వీకరించినప్పుడు కూడా ఆ నియమమే వర్తించాలి.